పహారా

గళ్లు గీసిన కాయితం చేతికిచ్చింది డాక్టరమ్మ.
నడుమ చుక్కను చూడాలె,
గీతలు ఎట్లున్నయో చెప్పాలె.
అంకీస నర్సుపిల్ల తెలుగు చేసి అడిగింది.

చుక్క లేదన్న.
గీతలంటవా,
ప్రాణహిత గుంజుకపోయే వల తీరుగ
ఒక్కదిక్కు ఒంగినయన్న.

సిరొంచ రుగ్ణాలయం బోర్డు
అంచులు కనబడ్తయి, నడుమ అక్షరాలు కానరావు.
మా కోడలు నాగుబాయి మొఖమూ అంతే.
కమ్మలున్నయి, కొప్పున్నది,
మొఖం ఉండే జాగల పొగ.
ఆమెను చూడాలంటే ఓరగ చూడాలె
దొంగ చూసినట్టు.
ముప్పై ఒక్క ఏండ్లు దొంగలను పట్టినోణ్ణి.

డాక్టరమ్మ మరాఠీల ఏందో చెప్పుకుంట పోయింది.
నర్సు నోరు తెరవకముందే
ఒక్క మాట సమజైంది: పహారేకరి.

కంటి ఎనక పొర కింద
ఏండ్ల సంది గలీజు పేరుకుంటదట,
కందిలి అడుగున నూనె జిడ్డు లెక్క
పసుపు పసుపు నలుసులు.
ఊడ్చేటందుకు ఒంట్ల కావలోళ్లు వస్తరట.
మంచికే వస్తరు.
ఎంత ఊడ్చినా ఒడువదు.
ఇగ అనుమానం పుడ్తది, ఇది మనదేనా అని.
ఈల ఊదుతరు.
ఇంకింతమంది దిగుతరు.
బయటినుంచి ఒక్క పురుగు రాలేదు,
ముల్లు గుచ్చుకోలేదు,
అయినా చూపు మొలిచే చోటనే
సన్నగ మంట పెట్టుకోని కూసుంటరట.
నొప్పి ఉండదు. అందుకే తెలువదు.

"డ్యూటీ దిగుమని చెప్పేటోడు లేడు తాతా వాళ్లకు"
అన్నది నర్సు.
అది డాక్టరమ్మ మాటనో, పిల్ల సొంత మాటనో.

నాకు నవ్వొచ్చింది.
ఇద్దరూ బెదిరిండ్రు.

అడివి నాకా.
అడ్డంగ పెట్టిన బొంగు, గుంజకు కందిలి.
టేకు దుంగ మీద సుత్తె ముద్దర ఉంటె మనది.
పావతి లేకుంటె దొంగది.
అంతకు మించి తెలివి నాకు సర్కారు ఇయ్యలేదు,
నేను అడుగలేదు.

మాఘం రాత్రి, నది మీదికెళ్లి మంచు.
భుజం మీద రెండు పచ్చి బొంగులు
ఉరుకుతున్నయి. మనిషి కనబడలేదు, బొంగులే.
ఆగుమన్న.
ఆగలేదు.
ఈల ఊదిన, ఇద్దరు లేసొచ్చిండ్రు,
ముగ్గురం కలిసి కొట్టినం.

కందిలి దగ్గరికి తెస్తె
ఆరెందుల మొండి.
నాతోని ఒక్క మడుగుల ఈత నేర్చినోడు.
అవ్వ పానం పోయింది, పాడెకు బొంగులు.
"పీనుగకు పావతి ఎవడిస్తడు రా" అన్నడు,
అంతే. ఏడ్వలేదు.

రిజిస్టర్ల రాసిన:
బొంగులు రెండు, జప్తు.
తెల్లారి ఆ ముసలమ్మను నులక మంచం మీద మోసిండ్రు.
నేను నాకల్నే ఉన్న.
డ్యూటీ.

మందు లేదట ఈ తీరు దానికి.
బీడీ మానుమన్నది, ఆకుకూర తినుమన్నది,
ఆర్నెల్లకు మళ్ల ఇదే కాయితం చూపిస్తదట.
కావలోళ్లను ఏమన్న అంటదేమో అని చూసిన,
ఏమనలేదు.
నేనూ ఏమనలే.
నాలాంటోళ్లే గద.

బస్టాండు రేకుల నీడల కూసున్న.
నాగుబాయి టికెట్లకు పోయింది.
ఒక పొడుగు అడుగు, ఒక పొట్టి అడుగు,
నడుమ కట్టె చప్పుడు.
ఆ మోకాలు చప్పుడు నలభై ఏండ్లాయె ఎరుక.
ఎదురొస్తె సందుల మలుగుతుంటి.

ఇయ్యాల మలుగలేదు.
ఎదురుంగ నిలవడ్డడు. నడుమ పొగ.
మెల్లగ మెడ తిప్పిన,
రేకుల దిక్కు, పావురాల దిక్కు.
కంటి కొసకు వచ్చిండు మొండి,
తెల్లగడ్డం, పండ్లు లేని నోరు.

"ఇంకా మొఖం తిప్పుకుంటవా రా?" అన్నడు.

"చూస్తున్న" అన్న.